చూసింది కొట్టు, చదవొద్దు

ఫ్యాక్టరీ డిస్పెన్సరీ కిటికీ వెనక కూర్చున్న కాంపౌండరు మిశ్రా లిస్టు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి జరిపాడు. వేలు ఒక్కచోటే ఆగింది.

"ఏక్ హీ నూకమ్మా హై," అన్నాడు, ఒక్క నూకమ్మే ఉందని. "టికెట్ నంబరు రెండువేల నూట పద్దెనిమిది, ఆదిబాబు, హ్యామర్ షాపు. కూతురు నూకమ్మ, ఏడేళ్ళు. ఇది ఏడేళ్ళ పిల్లా?"

పద్మకుమారి చంకలో ఉన్నది మూడేళ్ళ పిల్ల. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పీక్కుపోతోంది. బస్సులో వస్తూ గడియారం చూసి లెక్కపెట్టింది, నిమిషానికి యాభై రెండు సార్లు. గమ్హరియాలో దిగేసరికి యాభై ఆరు. ఈ వయసు పిల్లకి ముప్పై దాటకూడదని ఆమెకు తెలుసు.

"ఇది చిన్నది, చిన నూకమ్మ. ఏడేళ్ళది పెద నూకమ్మ. కిందటి నెల దీనికి ఇంజెక్షన్ ఇచ్చింది మీరే కదా!" అంది హిందీలో.

"కిందటి నెల లిస్టు వేరు." మిశ్రా గోడకు అంటించిన కాగితం వైపు గడ్డం ఎగరేశాడు. కంప్యూటర్ సాయంతో కార్మికుల కుటుంబాల జాబితాలో నలభై ఒక్క దొంగ పేర్లు పట్టుకున్నామనీ, లిస్టులో లేనివాళ్ళకు మందు ఇస్తే ఇచ్చినవాళ్ళదే బాధ్యత అనీ దాని సారాంశం. "ఒక పిల్ల పేరు చెప్పి ఇద్దరికి మందు పట్టుకెళ్తారు. మద్రాసీల తెలివే తెలివి!"

వరుసలో వెనకనుంచి ఎవడో అరిచాడు. "అరే, చైనావాళ్ళు వచ్చారు, జరగండి!"

అది పాత వెక్కిరింతే. 'చిన' అన్న మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అచ్చం చైనా అవుతుంది. పాత లిస్టుల్లో 'పెద'ని పేడా అనీ, 'చిన'ని చైనా అనీ చదివి డిస్పెన్సరీ అంతా నవ్వుకునేవారు. ఒకతె మిఠాయి, ఒకతె శత్రుదేశం.

ఆదిబాబు కిటికీ ఊచలు పట్టుకుని ఊపాడు. వాచ్‌మన్ కర్ర పట్టుకుని లేచాడు. పద్మకుమారి మొగుడి మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"మావా, నువ్వు సెయ్యెత్తితే గుంటకి సూది పడదు. నీకు సస్పెన్షన్ పడద్ది. పద."

ఆ పూటకి సాక్చీలో ప్రైవేటు డాక్టరు సూది వేశాడు. "వచ్చినప్పుడల్లా పరుగెత్తుకొచ్చే జబ్బు కాదమ్మా ఇది. చలికాలమంతా వారం వారం చూడాలి. పెద్దాసుపత్రిలో చూపించాలంటే మీ డిస్పెన్సరీవాళ్ళే చీటీ రాయాలి," అన్నాడు. లిస్టులో పేరు లేని పిల్లకి చీటీ ఎవడు రాస్తాడు? నవంబరు నెల సగమైపోయింది. ఖర్కాయి నది మీదనుంచి వచ్చే పొగమంచులో కొలుముల పొగ కలిసి ఊరంతా గొంతులో గరగరలాడే రోజులు అవి.

ఆ లిస్టు ఎక్కడ అచ్చవుతుందో పద్మకుమారికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె పనిచేసేది ఆ కంప్యూటర్ గదిలోనే.

పద్మకుమారి పుట్టింది, పెరిగింది కాసిడీహ్‌లో. తండ్రి తవిటయ్య పాలకొండ వైపునుంచి బతకడానికి వచ్చి టాటానగర్ రైల్వే యార్డులో ఖలాసీగా కుదురుకున్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్ళో రెండూ కలిపి తిట్లు. లెక్కలూ సైన్సూ ఆ పిల్లకి మంచినీళ్ళ ప్రాయం. ఇంటర్ సైన్సు ఫస్టున పాసయితే, బీయెస్సీలో చేర్చమని మాస్టారు స్వయంగా ఇంటికొచ్చి చెప్పాడు. తవిటయ్య ఆయనకి టీ ఇచ్చి పంపించి, కూతురిని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చాడు. ఆ తరవాత ఆదిబాబుతో పెళ్ళి చేశాడు.

ఆదిబాబు పనిచేసే, లారీల ఇరుసులు సాగగొట్టే ఫ్యాక్టరీ డెబ్భై ఎనిమిదిలో కంప్యూటర్ కొన్నది. గది చల్లగా ఉండాలన్నారు, దుమ్ము పడకూడదన్నారు, చెప్పులు బయట విడవాలన్నారు. హ్యామర్ షాపులో మనుషులు వేడికి ఉడికిపోతుంటే ఆ గదిలో యంత్రానికి పగలూ రాత్రీ చలి. కార్డులకి బెజ్జాలు కొట్టడానికి నలుగురు ఆడవాళ్ళని తీసుకున్నారు. ప్రోగ్రామర్లు కాగితాల మీద రాసి ఇచ్చింది చూసి, టైపు మిషన్ లాంటి దాని మీద కొడితే అట్టముక్కల మీద బెజ్జాలు పడతాయి. ఆ కార్డుల కట్టనే యంత్రం మింగుతుంది.

మొదటి రోజే సూపర్‌వైజరు చెప్పిన నియమం ఒకటే. చూసింది కొట్టు, చదవొద్దు. చదివితే చెయ్యి మందగిస్తుంది. అర్థమైందనుకుంటే తప్పు దిద్దాలనిపిస్తుంది, దిద్దితే కొత్త తప్పు పుడుతుంది. నీ పని వేళ్ళతో, బుర్రతో కాదు.

పద్మకుమారి తల ఊపింది, చదవడం మాత్రం మానలేదు. చదవకుండా ఉండడం ఆమె చేతిలో లేదు, పప్పు పొట్లం కట్టిన కాగితం కూడా మడత విప్పి చదివే రకం. పారేసిన ప్రింటు కాగితాలు ఇంటికి తెచ్చి అలమరాలో పరిచేది, అత్త సింహాచలమ్మ వాటి మీద డబ్బాలు పేర్చేలోగా చదివేసేది. రెండేళ్ళకి ప్రోగ్రాములు రాసే కోబాల్ అనే భాష ఆమెకు పట్టుబడింది. ఎవరూ నేర్పలేదు, ఎవరినీ అడగలేదు.

అన్నిట్లోకీ ఆమెకు గట్టిగా నాటుకున్నది టేపుని తెరిచే పద్ధతి. ఫైలంటే ఆ యంత్రానికి గోధుమరంగు టేపు చుట్ట. 'ఓపెన్ ఇన్‌పుట్' అని రాస్తే చదవడానికి తెరుస్తుంది. ఎన్నిసార్లు చదివినా అందులో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. 'ఓపెన్ అవుట్‌పుట్' అంటే రాయడానికి తెరుస్తుంది. అప్పటికే అందులో ఏముందని అడగదు. మొదటినుంచి కొత్తది రాసుకుంటూ పోతుంది, పాతది ఇక ఉండదు. అందుకనే టేపు చుట్టకి వెనక ఒక ప్లాస్టిక్ ఉంగరం పెడతారు. ఉంగరం ఉంటేనే యంత్రం దాని మీద రాయగలదు. తీసేస్తే చదవగలదు, అంతే.

కుటుంబాల జాబితాకి అలాంటి టేపులు మూడు. ప్రతి శనివారం కొత్త చేర్పులతో జాబితాని తిరగరాస్తారు. తాజాగా రాసినది కొడుకు, దానికి ముందు వారానిది తండ్రి, అంతకు ముందుది తాత. మళ్ళీ శనివారం వచ్చేసరికి కొడుకుని చదివి తాత మీద రాస్తారు. గదిలో అందరూ వాటిని ఇంగ్లీషులో ఆ చుట్టరికాలతోనే పిలుస్తారు.

ఈ సంగతులన్నీ తెలిసిన పద్మకుమారి ఆ బుధవారం మధ్యాహ్నం కార్డుల బీరువా దగ్గర నిలబడి, జాబితాని శుభ్రం చేసే కొత్త ప్రోగ్రాం కార్డులు ఒక్కొక్కటే చూసింది. నూట నలభై కార్డుల తరవాత దొరికింది. పేరు ముందు ఈ మాటలుంటే తీసెయ్యాలి: శ్రీ, శ్రీమతి, కుమారి, లేట్, పెద, చిన. తీసేశాక టికెట్ నంబరూ పేరూ వెనకటి రికార్డుతో కలిస్తే, రెండోదాన్ని రాయకూడదు.

కార్డు చివర, ఎవరు కొట్టారో గుర్తుపెట్టే గళ్ళలో, రెండక్షరాలున్నాయి. పి.కె.

చిన నూకమ్మ పేరు తీసేసిన కార్డు కొట్టింది ఆమే. తారీఖు చూసుకుంది. అది పిల్లకి మొదటిసారి ఆయాసం వచ్చిన మర్నాడు. ఆ రోజు ఇంట్లో పిల్లని వదిలివచ్చి, నాలుగు వందల కార్డులు కొట్టింది. అన్నేళ్ళలో ఆ ఒక్కరోజే నిజంగా చదవకుండా కొట్టింది.

ప్రోగ్రాం రాసినది జానకిరామ్. ఏడాది కింద వచ్చాడు, గుంటూరు వైపు మనిషి, పెద్ద కాలేజీ చదువు. తెలుగువాడు వస్తున్నాడని విని పద్మకుమారి మొదటి రోజు అతని బల్ల దగ్గరికి వెళ్ళి, "ఏ ఊరు సార్ మీది?" అని అడిగింది. అతను ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. ఇంకోసారి "ఏటి సార్ ఈ అక్షరం?" అని అడిగితే, పక్కవాళ్ళు వినేలా, "మీది తెలుగా? ఒడియా అనుకున్నాను. ఏటి కాదమ్మా, ఏమిటి," అన్నాడు. అప్పటినుంచి ఆమె అతనితో హిందీలోనే మాట్లాడేది.

ఆ రోజు మాత్రం కార్డు చేత్తో పట్టుకుని వెళ్ళి తెలుగులోనే అడిగింది.

"సార్, ఈ రెండు మాటలు తీసెయ్యమని మీకెవరు చెప్పారు?"

జానకిరామ్ తల ఎత్తి కార్డునీ ఆమెనీ చూశాడు. "నా ప్రోగ్రాం ఎందుకు చదువుతున్నారు?"

"పెద, చిన. ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నాకు తెలుగు రాదా? చైనా చైనా అని డిస్పెన్సరీవాళ్ళు నవ్వుతున్నారు, లిస్టు నిండా చెత్త అని మేనేజరు గారికి కంప్లయింటు. ఇక్కడున్న హిందీవాళ్ళకీ బెంగాలీలకీ అదేమిటో తెలియదు. నాకు తెలుసు కాబట్టి తీశాను. పెద్ద, చిన్న అనేవి పేర్లు కావు, విశేషణాలు."

"తెలుగు రానివాడు రాసుంటే దాన్ని ముట్టుకునేవాడు కాదు సార్. వచ్చినవాడివి కాబట్టి చెడగొట్టావు." కోపంలో గారూ మీరూ ఎగిరిపోయాయి. "మా ఇద్దరు పిల్లలదీ ఒకటే పేరు. ఒకతె పెద నూకమ్మ, ఒకతె చిన నూకమ్మ. మావాళ్ళలో ఇంటింటా ఉంటారు. నువ్వు పెద తీసేసి చిన తీసేస్తే ఇద్దరూ ఒకరయిపోయారు. రెండోదాన్ని దొంగ పేరన్నావు."

"ఇద్దరు పిల్లలకి ఒకటే పేరా?" జానకిరామ్ నిజంగానే నవ్వాడు. "ఎవరైనా పెడతారా అలాగ?"

"మేం పెడతాం."

"వయసు వేరు కదా, అదైనా పోల్చలేదేం?" అని మళ్ళీ తనే అడిగింది.

"మీవాళ్ళు ఫారాల్లో రాసే వయసులు నమ్మి ప్రోగ్రాం రాయమంటారా? ఒక్కో ఏడాది ఒక్కో వయసు రాస్తారు." కుర్చీ వెనక్కి జరిపాడు. "మీ అమ్మాయి పేరు పోతే ఫారం నింపండి. పుట్టిన సర్టిఫికెట్ జతచెయ్యండి. వెల్‌ఫేర్ ఆఫీసరు సంతకం చేస్తే ఏప్రిల్‌లో చేరుస్తారు."

చిన నూకమ్మ అత్తగారి ఊళ్ళో మంత్రసాని చేతిలో పుట్టింది. సర్టిఫికెట్టూ లేదు, ఏప్రిల్ దాకా ఆగే ఊపిరీ లేదు.

"పాత టేపులో ఉంది కదా సార్. దాన్ని చదివి..."

"కొత్త ప్రోగ్రాం రెండు శనివారాలు నడిచింది. పాతవి ఒక్క తాత టేపులోనే మిగిలాయి. ఈ శనివారం దాని మీదే రాస్తాం. దానితో మీ చైనా కూడా సరి." ఆమె చేతిలోని కార్డు లాక్కున్నాడు. "బెజ్జాలు కొట్టుకోండి. జీతం దానికిస్తున్నారు."

ఇంటికొచ్చేసరికి సింహాచలమ్మ పిల్ల వీపు మీద వేడి నూనె రాస్తోంది. పద్మకుమారి ఊపిరి లెక్కపెట్టింది. నలభై నాలుగు. పక్కనే సంచి దింపి, పట్టలేక అత్త మీద విరుచుకుపడింది.

"రెండో పేరు దొరకనేదేటి నీకు? ఊళ్ళో పేర్లన్నీ అయిపోయేయా? ఒక నూకమ్మ సాలదని ఇంకో నూకమ్మ!"

"ఒలే, నోరు జాగర్త," అంది సింహాచలమ్మ చెయ్యి ఆపకుండా. "పెద్దదానికి ముందు ఇద్దరు పోయినపుడు నూకాలమ్మ కాళ్ళట్టుకున్నది నాను. ఇక పుట్టినోళ్ళందరికీ నీ పేరే పెడతానని మొక్కుకున్నది నాను. ఒకదానికి పెట్టి ఇంకోదానికి ఎగ్గొడితే అమ్మోరు ఊరుకుంటాదా?"

"అమ్మోరు ఊరుకున్నాది. కంప్యూటర్ ఊరుకోనేదు."

"అదెవత్తె? మీ అయ్యని పుట్టగానే తవుడికి అమ్మి మళ్ళీ కొనుక్కున్నారు, బతకాలని. తవిటయ్య అన్న పేరుకి సిగ్గు నేదు గానీ, నా మనవరాలి పేరుకి సిగ్గొచ్చిందా నీకు? సదువుకున్నదానివి. ఆ మిషను నోట్లో సెయ్యెట్టి పేరు తియ్యలేవా? మరెందుకే ఆ సదువు?"

ఆదిబాబు గుమ్మంలో బూట్లు విప్పుతూ, "రేపు గేటు కాడ ఆ జానకిరామ్‌గాడు దొరకాల," అన్నాడు. "సుత్తి కింద ఇరుసు సాగినట్టు సాగుతాడు."

"సాగగొట్టు. ఆడు ఆసుపత్రిలో, నువ్వు జైల్లో, గుంట కాటిలో. ముగ్గురూ మూడు దిక్కులు," అంది పద్మకుమారి. పెద నూకమ్మ పలక పక్కన పెట్టి, "మేరీ వజహ్ సే హువా క్యా, మా?" అని అడిగింది, తన వల్లనే జరిగిందా అని.

మర్నాడు పద్మకుమారి ప్రింటు కాగితాల కట్ట తిరగేసింది. కొత్త ప్రోగ్రాం మొదటిసారి నడిచిన రోజు కాగితాల చిట్టచివర, ఎవరూ చూడని చోట, యంత్రం రెండు అంకెలు వేసింది. చదివిన రికార్డులు ఆరువేల రెండువందల పన్నెండు. రాసినవి ఆరువేల నూట డెబ్భై ఒకటి. తేడా నలభై ఒకటి. ఆ నలభై ఒకటే డిస్పెన్సరీ గోడ మీద దొంగ పేర్లయింది. ఆ నలభై ఒకటికే జానకిరామ్‌ని మేనేజరు అందరిముందూ మెచ్చుకున్నాడు. చదివినన్ని రాయలేదంటే మధ్యలో మనుషులు రాలిపోయారనే కదా, ఆ మనుషులెవరని ఎవరైనా అడిగారా?

మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టుకుని, ఆమె ఒక నోటుబుక్కు వెనకపేజీలో తన జీవితంలో మొదటి ప్రోగ్రాం రాసింది. వందలకొద్దీ కొట్టిందే గానీ సొంతంగా ఒక్కటీ రాయలేదు. తాత టేపుని చదవడానికి మాత్రమే తెరువు. ఒక్కో రికార్డు చదువు. పేరు పెద అనో చిన అనో మొదలైతే అచ్చువెయ్యి. టేపు అయిపోతే మూసి ఆగు. అంతే, ముప్పై ఏడు లైన్లు. శుక్రవారం పొద్దున అందరికంటే ముందొచ్చి కార్డులు కొట్టింది. టేపుల అలమరా దగ్గరికి వెళ్ళి తాత టేపు వెనక ఉంగరం తీసి, టేపుని ఆపరేటరు బల్ల మీదే పెట్టింది. దొంగతనంగా చేశావనే మాట పడకూడదని, ఉంగరం కూడా పక్కనే అందరికీ కనబడేలా పెట్టింది.

తరవాత తన మిషను ముందు కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. శనివారం నడవాల్సిన చేర్పుల కార్డులు ఆమె వాటా మూడువందలు. ఒక్కటీ కొట్టలేదు.

పది గంటలకి మేనేజరు రంగనాథ్ వచ్చాడు. వెనకే జానకిరామ్. మిగతా ముగ్గురు ఆడవాళ్ళు తల ఎత్తకుండా టకటకా కొట్టుకుంటున్నారు. వాళ్ళలో ఒకతె, "మన అందరి నోట్లో మట్టి కొడుతోంది," అని హిందీలో గొణిగింది.

"ఏమిటిది?" అన్నాడు రంగనాథ్.

"సార్, తాత టేపు మీద రాసేముందు ఒక్కసారి దాన్ని చదివి అచ్చువెయ్యండి. చదివితే అందులోది ఏమీ పోదు. అది చూశాక నా పని నేను చేస్తాను."

"చదవడానికి ప్రోగ్రాం ఎవరు రాస్తారు?" అన్నాడు జానకిరామ్.

ఆమె కార్డుల కట్ట బల్ల మీద పెట్టింది.

గదిలో టకటక ఆగిపోయింది. జానకిరామ్ కట్ట తీసుకుని ఒక్కో కార్డూ వెలుతురుకి ఎత్తి పట్టి చూడసాగాడు. అతని పెదవి వంకర చూస్తే, తప్పు వెతుకుతున్నాడని తెలుస్తోంది.

"సార్, ఈవిడ టేపు తీసింది. ఈవిడ పొరపాటున అవుట్‌పుట్ అని కొట్టుంటే? జాబితా మొత్తం తుడుచుకుపోయేది. ఎవరిదండీ బాధ్యత?"

"ఉంగరం తీసేసి ఉంది. అవుట్‌పుట్ అని రాసినా మిషను రాయలేదు. ఆ సంగతి మీకు తెలీదా సార్?"

అతని మెడ ఎర్రబడింది. ఇరవయ్యో కార్డు దగ్గర ఆగాడు. "ఇదిగో! ఇక్కడ ఫుల్‌స్టాప్ లేదు. ఇది లేకపోతే కింద లైను కూడా 'ఐతే' అన్న షరతులోనే కలిసిపోతుంది. చిన ఉన్న పేరు దొరికినప్పుడే తరవాతిది చదువుతుంది. దొరక్కపోతే ఉన్నచోటే తిరుగుతూ సాయంత్రం దాకా మిషన్‌ని కట్టేస్తుంది. చూశారా సార్? ఇందుకే చెప్పేది. బెజ్జాలు కొట్టేవాళ్ళు బెజ్జాలు కొట్టాలి."

పద్మకుమారి ముఖం వేడెక్కింది. అతను చెప్పింది నిజం. కార్డు తీసుకుని మళ్ళీ కొట్టి, చుక్క పెట్టి తెచ్చి ఇచ్చింది. "తప్పు చూపించారు. ఇంకేమైనా ఉన్నాయా?"

జానకిరామ్ మిగతా పదిహేడూ చూశాడు. ఇంకేమీ దొరకలేదు.

"ఐదు నిమిషాలు," అన్నాడు రంగనాథ్, గడియారం చూసుకుంటూ. "ఐదే."

ఆపరేటరు టేపు ఎక్కించాడు. చుట్ట తిరిగింది, ఆగింది, తిరిగింది. పక్కగదిలో ప్రింటరు ఒక్కసారి బర్రుమని మొదలుపెట్టింది.

కాగితం మీద జంట పేర్లూ ఒంటి పేర్లూ వరసగా వచ్చాయి. పెద అప్పలనాయుడు, చిన అప్పలనాయుడు. పెద పోలమ్మ, చిన పోలమ్మ. పెద సింహాద్రి, చిన సింహాద్రి. పక్కన టికెట్ నంబరూ వయసూ. ఏ ఇంట్లోనూ పెదకీ చినకీ ఒకటే వయసు లేదు. రంగనాథ్ జేబులోంచి పెన్సిలు తీసి, కొత్త లిస్టు పక్కన పెట్టుకుని, లేకుండాపోయిన పేర్ల దగ్గర గీతలు పెడుతూ వెళ్ళాడు. ముప్పై ఎనిమిది గీతలు పడ్డాయి.

"ముప్పై ఎనిమిది మంది పిల్లలు," అన్నాడు ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా.

"మిగతా మూడూ నిజంగా డూప్లికేట్లే కదా సార్," అన్నాడు జానకిరామ్. "అంటే ప్రోగ్రాం పనిచేసినట్టే."

అతను కాగితం తనవైపు తిప్పుకున్నాడు. పేర్లు చదువుతూ, "ఒక్కొక్క ఇంట్లో ఇలా... అసలు బళ్ళో ఎలా పిలుస్తారు వీళ్ళని?" అన్నాడు, ఎవరినో నిలదీస్తున్నట్టు.

"పెద అని ఒకణ్ణి, చిన అని ఒకణ్ణి. ఆ ముందుమాటే మా పిల్లల పేరు సార్. వెనకది అమ్మవారిది," అంది పద్మకుమారి. "నువ్వు తీసేసింది ముందుదాన్ని."

రంగనాథ్ మధ్యాహ్నానికి ప్రోగ్రాంలోంచి ఆ రెండు మాటలూ తీసెయ్యమన్నాడు. తీసేసినవాళ్ళని తాత టేపునుంచి మళ్ళీ చేర్చమన్నాడు, శనివారం ఆ టేపు జోలికి పోకుండా కొత్త టేపు మీద రాయమన్నాడు. జానకిరామ్ ఆ దిద్దిన కాగితాలు తెచ్చి ఆమె బల్ల మీద విసిరాడు. ఆమె ఆ కార్డులతో పాటు తన మూడువందలూ సాయంత్రం నాలుగున్నరకల్లా పూర్తిచేసింది. ఈసారి ప్రతి అక్షరం చదివి కొట్టింది.

శనివారం లిస్టు అచ్చయింది. చదివినవీ చేర్చినవీ కలిపితే రాసినవాటితో సరిపోయాయి. డిస్పెన్సరీ గోడ మీది కాగితాన్ని మాత్రం ఎవరూ చింపలేదు, పొరపాటని ఇంకో కాగితమూ అంటించలేదు.

సోమవారం పొద్దున ఆమె మిషను మీద ఒక కవరుంది. అనుమతి లేకుండా కంపెనీ టేపు ముట్టుకున్నందుకు, అనుమతి లేకుండా ప్రోగ్రాం రాసినందుకు, కేటాయించిన పని నిరాకరించినందుకు హెచ్చరిక. ఆ రోజునుంచి ఆమెను టైము ఆఫీసుకి మార్చారు, గేటు దగ్గర హాజరు పుస్తకాలు రాసుకునే చోటికి. కింద రంగనాథ్ సంతకం. ఫిర్యాదు చేసింది ఎవరో రాయలేదు. రాయక్కర్లేదు కూడా.

ఆమె రంగనాథ్ గదిలోకి వెళ్ళింది. ఆయన ఫైళ్ళు సర్దుకుంటూ, "నేను చెయ్యగలిగింది ఇంతే పద్మకుమారీ. డిస్మిస్ చెయ్యమన్నారు పైవాళ్ళు," అన్నాడు.

"పిల్లల పేర్లు మళ్ళీ తీస్తారా సార్?"

"తియ్యరు. అది నేను చూసుకుంటాను."

"అయితే ఎక్కడ సంతకం?"

జానకిరామ్ అద్దాల తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె చెప్పులు వేసుకుంటుంటే, "టైము ఆఫీసులో పుస్తకాలన్నీ హిందీలో ఉంటాయి. వచ్చా మీకు?" అన్నాడు.

"నీకంటే బాగా వచ్చు," అంది, తల ఎత్తకుండానే.

ఆమె అక్కడినుంచి డిస్పెన్సరీకి వచ్చేసరికి ఆదిబాబు పిల్లని ఎత్తుకుని వరుసలో నిలబడి ఉన్నాడు. ఇంజెక్షన్ల కిటికీ పన్నెండింటికి మూసేస్తారు. గడియారంలో పదకొండు నలభై. వాళ్ళ ముందు ఇంకో తెలుగు కుటుంబం, చంకలో చంటివాడు. మిశ్రా ముందు కొత్త లిస్టు ఉంది. పద్మకుమారి పిల్లని తన చేతుల్లోకి తీసుకుని గుండె మీద చెయ్యి ఆనించి లెక్కపెట్టింది. నలభై ఎనిమిది.

వాళ్ళ వంతు వచ్చింది. మిశ్రా వేలు లిస్టు మీద దిగుతూ వచ్చి ఒక లైను దగ్గర ఆగింది. పైలైను చూశాడు, మళ్ళీ కింది లైను చూశాడు. రెండూ ఉన్నాయి.

క్షమించమనలేదు. ఆమె ముఖం కూడా చూడలేదు. పెద్దాసుపత్రి చీటీ పుస్తకం ముందుకి లాక్కుని, పేరు రాసి, చింపి కిటికీలోంచి తోశాడు. తరవాత సూది ఎక్కించుకుంటూ కసురుకున్నాడు.

"చెయ్యి గట్టిగా పట్టుకో. కదిలితే నా పూచీ లేదు."

పద్మకుమారి చీటీ పళ్ళ మధ్య కరుచుకుని, రెండు చేతులతో పిల్ల చెయ్యి పట్టుకుంది.